నూట అరవైలో మనకు డెబ్బై

బడులు తెరిచిన కొత్తలో ఒకరోజు మాస్టారు ఫోన్ చేశారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినాయన. ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు హెడ్మాస్టరు. కుశల ప్రశ్నలేవీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చేశారు.

“ఒరేయ్, మా ఆఫీసు గదిలో కంప్యూటరుంది, నెట్టుంది. స్కూలుకంటూ ఫోను లేదు. పిల్లాడు బడికి రాకపోతే పదిన్నరకల్లా ఇంట్లోవాళ్లకు మెసేజ్ వెళ్లాలి. రోజూ నా ఫోన్‌లో ఒక్కొక్కరికీ కొట్టుకుంటూ కూర్చుంటే పాఠం చెప్పేదెప్పుడు? కంప్యూటర్లోంచే పంపే దారేమైనా ఉందా?”

“వాట్సాప్ గ్రూపు పెట్టేయండి మాస్టారూ” అన్నాను.

“సగం మందివి బటన్ల ఫోన్లురా. పత్తి చేలోకెళ్లే తల్లి రొంటిన దోపుకునేది ఆ ఫోనే. దానికి అందేది ఎస్సెమ్మెస్ ఒక్కటే. పదిన్నరకు తెలిస్తే పిల్లాణ్ని వెతకడానికి పగలంతా ఉంటుంది. సాయంత్రం తెలిస్తే ఏం చేస్తుంది?”

లెక్కల మాస్టారు కాబట్టి అంకెలు కూడా ఆయనే ఇచ్చారు. బడిలో 240 మంది. సగటున రోజుకు 20 మంది రారు. ఏడాదికి 220 పని దినాలు. 20ని 220తో హెచ్చవేస్తే 4,400 మెసేజ్‌లు. ఆ 4,400 వెంట పడి నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న చిన్న ఆస్పత్రులకూ, పాల కేంద్రాలకూ, ఊరి గ్రంథాలయాలకూ ఉంది.

మాస్టారి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పాలంటే, పంపొచ్చు. అసలు ఎస్సెమ్మెస్ పుట్టిందే కంప్యూటర్లోంచి.

1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏళ్ల ఇంజినీరు కంప్యూటర్ ముందు కూర్చుని ‘మెర్రీ క్రిస్మస్’ అని టైప్ చేశాడు. మధ్యలో ఖాళీతో కలిపి ఇంగ్లిషులో అవి 15 అక్షరాలు. వొడాఫోన్ కంపెనీలో పనిచేసే రిచర్డ్ జార్విస్ అప్పుడు క్రిస్మస్ విందులో ఉన్నాడు. ఆయన దగ్గరున్న ఆర్బిటెల్ 901 ఫోన్‌కు ఆ 15 అక్షరాలూ చేరాయి. ప్రపంచంలో మొదటి ఎస్సెమ్మెస్ అదే. జార్విస్ బదులు పంపలేదు. పంపడానికి ఆ ఫోన్‌లో మెసేజ్ టైప్ చేసే వీలే లేదు. ఫోన్ అందుకోవడానికి, కంప్యూటర్ పంపడానికి అన్నట్టు మొదలైంది కథ. ఫోన్ నుంచి ఫోన్‌కు పంపుకోవడం ఆ తర్వాత వచ్చింది.

160 అనే హద్దు అంతకు ఏడేళ్ల ముందే పడింది. 1985లో జర్మనీ ఇంజినీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ బాన్ నగరంలోని తన ఇంట్లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, మామూలుగా మనుషులు అడిగే ప్రశ్నలూ చెప్పుకునే మాటలూ తోచినట్టు కొట్టుకుంటూ పోయాడు. ఒక్కొక్క వాక్యంలో అక్షరాలు, ఖాళీలు, చుక్కలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే ముగిశాయి. ఇది చాలనుకున్నాడు. ఆ వాక్యాల్లో తెలుగు వాక్యం ఒక్కటీ లేదన్న సంగతి మనకు తర్వాత పనికొస్తుంది.

ఆ 160 ఊరికే వచ్చిన అంకె కాదు. ఫోన్ మోగాలన్నా, టవరుకు ఈ ఫోను ఎక్కడుందో తెలియాలన్నా, మాటలు వెళ్లే దారి పక్కనే సంకేతాలు వెళ్లే సన్నటి దారి ఒకటి ఉంటుంది. ఆ దారిలో ఖాళీగా ఉన్న చోట ఎస్సెమ్మెస్‌ను ఇరికించారు. ఒక మెసేజ్‌కు దొరికే చోటు 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు చాలు. 1,120ని 7తో భాగిస్తే 160.

మెసేజ్ నేరుగా అవతలి ఫోన్‌కు వెళ్లదు. ముందు కంపెనీ వాళ్ల ఎస్సెమ్మెస్ సెంటరుకు వెళ్తుంది. అవతలి ఫోను ఆగిపోయి ఉంటే అక్కడే దాచిపెట్టి, ఆన్ అయ్యాక అందిస్తారు. మన పల్లెటూరి పోస్టాఫీసు పనే అది. ఆ సెంటరుకు రెండు గుమ్మాలున్నాయి. ఒకటి గాల్లోంచి, సిమ్ ద్వారా వచ్చేవాళ్లది. రెండోది తీగ మీద, కంప్యూటర్ల నుంచి వచ్చేవాళ్లది. ఫోన్ లేకుండా మెసేజ్ పంపడమంటే ఈ రెండింటిలో ఏదో ఒక గుమ్మం తొక్కడమే.

సిమ్ గుమ్మం

ఒక శనివారం మధ్యాహ్నం పాత డాంగిల్ ఒకటి జేబులో వేసుకుని బడికి వెళ్లాను. పదేళ్ల కిందట ల్యాప్‌టాప్‌కు నెట్ కోసం గుచ్చుకునేవాళ్లం కదా, ఆ యూఎస్‌బీ డాంగిల్. అందులో సిమ్ ఉంటుంది, టవరుతో మాట్లాడే యంత్రం ఉంటుంది. తెర ఉండదు, బటన్లు ఉండవు. అంటే ఫోన్‌లోంచి ఫోన్ తీసేయగా మిగిలిన సారం అది.

కంప్యూటర్‌కు గుచ్చి, నల్ల తెర తెరిచి, ‘ఏటీ’ అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాను. ‘ఓకే’ అని బదులొచ్చింది. ఏటీ అంటే అటెన్షన్. 1981లో హేస్ కంపెనీ మోడెమ్‌కు నేర్పిన భాష అది. నాలుగు దశాబ్దాలు దాటినా ఈ యంత్రాలు ఆ పిలుపుకే పలుకుతున్నాయి. తర్వాత ‘ఏటీ+సీఎంజీఎఫ్=1’ అని కొడితే టెక్స్ట్ రూపంలోకి వచ్చింది. ‘ఏటీ+సీఎంజీఎస్=’ అని రాసి, పక్కన కొటేషన్ గుర్తుల మధ్య అటెండరు గారి నంబరు కొట్టాను. తెర మీద బాణం మొనలాంటి గుర్తు వచ్చి ఆగింది. మెసేజ్ ఏమిటో చెప్పమని దాని అర్థం. ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు ముక్కలు రాసి, కంట్రోల్, జెడ్ కలిపి నొక్కాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఒక అంకె కనిపించింది. సెంటరు తీసుకున్న ప్రతి మెసేజ్‌కూ 0 నుంచి 255 లోపు ఇలా ఒక వరస నంబరు వస్తుంది. అంతలోనే గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు గారి చొక్కా జేబు మోగింది.

మాస్టారు లేచి వెళ్లి ఆ ఫోన్‌లో చదివి వచ్చారు. “మరింకేం, ఇదే పెట్టేద్దాం” అన్నారు.

పెట్టొచ్చు. రోజుకు 20 మెసేజ్‌లకు ఈ దారి సరిపోతుంది. ప్రీపెయిడ్ ప్యాక్‌లలో మామూలుగా రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు ఉంటాయి. ఎక్సెల్ పట్టికలో పేర్లు పెట్టి, చిన్న ప్రోగ్రాం రాసిస్తే అదే వరసగా పంపేస్తుంది. ఖర్చు నెల రీచార్జి ఒక్కటే. కానీ చిక్కులు రెండున్నాయి. మొదటిది, ఆ మెసేజ్ ఎవరి పేరు మీద సిమ్ ఉందో వాళ్ల నంబరు నుంచే వెళ్తుంది. మాస్టారికి బదిలీ అయితే ఆ సిమ్ కూడా బదిలీయే. రెండోది ఇంకా గట్టిది. యంత్రంతో గుంపుకు మెసేజ్‌లు పంపే పదంకెల నంబర్ల మీద ఇప్పుడు నిఘా ఉంది. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తన నిబంధనలను బిగించింది. అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులొస్తే అనుమానించేవాళ్లు. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. స్పామ్ అని తేలితే మొదటిసారికి అవుట్‌గోయింగ్ 15 రోజులు ఆపేస్తారు. మళ్లీ చేస్తే ఆ పేరు మీదున్న కనెక్షన్లన్నీ ఏడాది పాటు పోతాయి. పిల్లాడు బడికి రాలేదన్న కబురు ప్రకటన కాదు, నిజమే. కానీ ఆ నంబరు ఎవరిదో తెలియని తండ్రి స్పామ్ అని నొక్కితే ఆ సంగతి వివరించాల్సింది మాస్టారే. నేనైతే హెడ్మాస్టరు సొంత సిమ్‌ను ఆ ప్రమాదంలో పెట్టమని చెప్పను.

హైదరాబాద్ ఉచితంగా పంచిన రోజులు

కంప్యూటర్లోంచి ఎస్సెమ్మెస్ అంటే మా తరానికి గుర్తొచ్చేది వేరే. ఆ రోజుల్లో నెట్ సెంటరుకు వెళ్తే మెయిల్ చూసుకునేది తర్వాత, ముందు తెరిచేది వే2ఎస్ఎంఎస్. 2006లో రాజు వనపాల హైదరాబాద్‌లో మొదలుపెట్టింది. మన నంబరుతో ఖాతా తెరిచి, అవతలి నంబరు కొట్టి, మాట రాసి నొక్కితే చాలు, దేశంలో ఏ మూలకైనా రూపాయి ఖర్చు లేకుండా వెళ్లేది. సంక్రాంతికీ దీపావళికీ కొత్త సంవత్సరానికీ ఫోన్ కంపెనీలు ‘బ్లాక్‌అవుట్ డే’ అని పెట్టి ప్యాక్‌లు పనిచేయకుండా చేసేవి. ఆ రోజుల్లో నెట్ సెంటర్లో కుర్చీ దొరికేది కాదు. హాస్టల్లో పది మంది తరఫున ఒకడు వెళ్లి, చీటీ మీద రాసుకొచ్చిన నంబర్లకు శుభాకాంక్షలు కొట్టి వచ్చేవాడు. ఊళ్లో ఉన్న అక్కయ్యకు నేను పంపిన పండగ కబుర్లన్నీ అలా వెళ్లినవే.

డబ్బెవరు కట్టేవాళ్లు? మన మాట చివర తోకలా ఒక ప్రకటన ఉండేది. కట్టేది ఆ ప్రకటన ఇచ్చినవాళ్లు. హైదరాబాద్‌లోనే ఎస్ఎంఎస్ కంట్రీ అనే సంస్థ నడిపిన మరో సైటుకు ఈ లెక్కనే పేరుగా పెట్టారు. 160బై2. నూట అరవైలో సగం మనిషికి, సగం ప్రకటనకు, చెరి ఎనభై. దేశమంతా వాడిన ఉచిత ఎస్సెమ్మెస్ సైట్లలో పెద్దవి రెండు మన ఊరివి కావడం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

ఆ తలుపు మూసుకోవడం 2011 సెప్టెంబరు 27న మొదలైంది. అక్కర్లేని ప్రకటనల మెసేజ్‌లను ఆపడానికి ట్రాయ్ తెచ్చిన నిబంధనలు ఆ రోజు అమల్లోకి వచ్చాయి. సిమ్ ఒక్కింటికి రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లు మించకూడదన్నారు. నవంబరులో దాన్ని 200 చేశారు. ప్రకటనల మెసేజ్‌లు ఉదయం 9 నుంచి రాత్రి 9 లోపే పంపాలన్నారు. 2012 నవంబరులో మరో ఉత్తర్వు వచ్చింది. రోజుకు 100 దాటాక ప్రతి మెసేజ్‌కూ కనీసం 50 పైసలు వసూలు చేయాలన్నది దాని సారాంశం. దాన్ని 2020 జూన్‌లో తీసేశారు. ఈలోగా వాట్సాప్ వచ్చి జనాన్ని పట్టుకుపోయింది. వే2ఎస్ఎంఎస్ ఇవాళ వే2న్యూస్‌గా మారి, మనందరి ఫోన్లలో చిట్టి వార్తలు చూపిస్తోంది.

తీగ గుమ్మం, దాని రుసుము

ఇక మిగిలింది రెండో గుమ్మం. బ్యాంకు ఓటీపీలు, గ్యాస్ బుకింగ్ కబుర్లు, ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు అన్నీ వచ్చేది ఈ దారినే. ఇక్కడ సిమ్ అక్కర్లేదు, డాంగిల్ అక్కర్లేదు. బల్క్ ఎస్సెమ్మెస్ అమ్మే సంస్థ వెబ్‌సైట్లో ఖాతా ఉంటే, నెట్ ఉన్న ఏ పరికరం నుంచైనా పంపొచ్చు. పాత ట్యాబ్ అయినా సరే.

కానీ 2018 జులై 19న ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పంపేవాళ్లు ముందు టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదిక మీద పేరు ఎక్కించుకోవాలి. సంస్థకు 19 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. తర్వాత ఆరు అక్షరాల హెడర్, అంటే అవతలి ఫోన్‌లో కనిపించే పేరు, తీసుకోవాలి. ఆ తర్వాత పంపబోయే మెసేజ్ మూసను ముందుగా చూపించి ఆమోదం పొందాలి. మారే చోట్లు, అంటే పిల్లాడి పేరు, తేదీ లాంటివి, ఒక్కోటి 30 అక్షరాలు మించకూడదు. మూసలో లేని ఒక్క మాట కలిపినా మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది.

ఈ జల్లెడ ఎంత గట్టిదో 2021 మార్చి 8న దేశమంతా చూసింది. ఆ రోజు మూసతో సరిపోలని మెసేజ్‌లన్నిటినీ ఆపడం మొదలుపెట్టారు. బ్యాంకులు చాలావరకు మూసలు సిద్ధం చేసుకోలేదు. ఓటీపీలు రాలేదు, చెల్లింపులు నిలిచిపోయాయి. మర్నాడే ట్రాయ్ ఆ జల్లెడను ఏడు రోజులు పక్కన పెట్టాల్సి వచ్చింది.

మీ ఫోన్‌లో ఏ బ్యాంకు మెసేజ్ అయినా ఒకటి తెరిచి పైన పేరు చూడండి. మొదట రెండక్షరాలు, తర్వాత అడ్డగీత, తర్వాత సంస్థ పేరు ఆరక్షరాల్లో ఉంటాయి. మొదటి అక్షరం టెలికాం కంపెనీది. రెండోది సర్కిల్‌ది, అంటే టెలికాం సేవల ప్రాంతానిది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు ‘ఏ’. 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం సర్కిల్ ఇప్పటికీ ఒక్కటే కాబట్టి తెలంగాణకూ అదే అక్షరం. 2025 నుంచి చివర మరో అక్షరం వచ్చి చేరింది. ‘పీ’ ఉంటే ప్రకటన, ‘ఎస్’ అంటే సేవకు సంబంధించిన కబురు, ‘టీ’ అంటే లావాదేవీ, ‘జీ’ అంటే ప్రభుత్వం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ చివరి అక్షరం చూడటం నేర్పండి. బ్యాంకు పేరు చెప్పుకుంటూ మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చే మెసేజ్‌లను పట్టుకోవడానికి అంతకంటే సులువైన గుర్తు లేదు.

ఇప్పుడు మాస్టారి బిల్లు. ఒక మెసేజ్‌కు 20 పైసలు అనుకుందాం. 4,400కు 880 రూపాయలు. ఏడాదికి అంతే. కానీ డీఎల్‌టీ నమోదుకు మామూలుగా 5,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 900, మొత్తం 5,900 అవుతుంది. మెసేజ్‌ల మీద పన్ను పక్కన పెట్టినా తొలి ఏడాది ఖర్చు 6,780. అందులో నూటికి 87 రూపాయలు పేరు నమోదుకే పోతాయి, కబురుకు మిగిలేది 13. లక్షల మెసేజ్‌లు పంపే బ్యాంకుకు 5,900 లెక్కలోకి రాదు. 240 మంది పిల్లలున్న బడికి అది ఏడు సంవత్సరాల మెసేజ్‌లకు కొంచెం తక్కువ. ఈ నిబంధనలు అవసరమే, కాదనను. మోసగాళ్ల చేతిలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లను మా వీధిలోనే చూశాను. కానీ ప్రతి బడీ విడిగా ఈ గుమ్మం ఎక్కాల్సిన పని లేదు. జిల్లా విద్యాశాఖ ఒక్క పేరుతో నమోదై, ఒక్క మూస ఆమోదం పొంది, బడి పేరునూ పిల్లల పేరునూ మారే చోట్లలో పెడితే ఆ 5,900 అన్ని బడులకూ కలిపి ఒక్కసారే. మాస్టారి చేత ఆ అర్జీ రాయించాను.

మిగతా దారులు, అమెరికా సంగతి

‘ఫోన్ లేకుండా’ అని చెప్పుకునే మరికొన్ని పద్ధతులు నిజానికి ఫోన్‌ను పక్క గదిలో దాచినవే. గూగుల్ మెసేజెస్‌ను 2018 నుంచి కంప్యూటర్లో తెరవొచ్చు. కానీ ముందు ఫోన్‌కు ముడి వేసుకోవాలి, పంపేది ఆ ఫోనే. ఐప్యాడ్‌లోంచి మామూలు ఎస్సెమ్మెస్ పంపాలన్నా 2014 నుంచి ఉన్న వీలు ఇలాంటిదే. ఐఫోన్ ఎక్కడో ఆన్‌లో ఉండాలి. వాట్సాప్‌ను మరో 4 పరికరాలకు కలుపుకోవచ్చు. అసలు ఫోన్‌ను 14 రోజులు ముట్టుకోకపోతే అవన్నీ లాగౌట్ అయిపోతాయి. 2025 నవంబరు 28న టెలికాం శాఖ ఇంకో అడుగు వేసింది. ఖాతా తెరిచిన సిమ్ ఫోన్‌లో లేకపోతే మెసేజింగ్ యాప్ పనిచేయకూడదనీ, కంప్యూటర్లో తెరిచిన వెబ్ రూపం 6 గంటలకు మించకుండా లాగౌట్ కావాలనీ ఆదేశించింది. దానికి 90 రోజుల గడువిచ్చింది. మోసాలను అరికట్టడానికేనన్నారు. సిమ్‌కూ మనిషికీ మధ్య ముడి ఏటేటా బిగుసుకుంటోంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్లే మన అమ్మానాన్నలకు ఇది వేరే రూపంలో ఎదురవుతుంది. ఇంట్లో వైఫై ఉంటుంది, చేతిలో ట్యాబ్ ఉంటుంది, అక్కడి నంబరు ఉండదు. టెక్స్ట్‌నౌ లాంటి యాప్‌లు ప్రకటనలు చూపించి అమెరికా నంబరు ఉచితంగా ఇస్తాయి. అంటే ఒకప్పటి వే2ఎస్ఎంఎస్ లెక్కే. 2009 నుంచి ఉన్న గూగుల్ వాయిస్ కూడా నంబరిస్తుంది కానీ, దానికి ముందే ఒక అమెరికా నంబరు చూపించాలి. అక్కడ ఇంకో అందమైన పాత దారి ఉండేది. పదంకెల నంబరు పక్కన కంపెనీ చిరునామా చేర్చి ఈమెయిల్ పంపితే అది ఎస్సెమ్మెస్ అయి చేరేది. ఏటీ అండ్ టీ సంస్థ 2025 జూన్ 17న ఆ దారి మూసేసింది. అక్కడా గుంపు మెసేజ్‌లు పంపే సంస్థలు పేరూ, ఉద్దేశమూ నమోదు చేసుకోక తప్పడం లేదు.

తెలుగు అక్షరం ఎంత చోటు తింటుంది

ఇప్పుడు నన్ను ఎక్కువగా పట్టి కుదిపిన లెక్కకు వస్తాను.

140 బైట్లలో 160 అక్షరాలు పట్టేది 7 బిట్ల ఇంగ్లిషు పట్టికలో రాసినప్పుడే. ఆ పట్టికలో లేని గుర్తు ఒక్కటి దొర్లినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌కు మారిపోతుంది. అప్పుడు ప్రతి గుర్తుకూ 16 బిట్లు. 1,120ని 16తో భాగిస్తే 70. మన రూపాయి గుర్తు ₹ కూడా ఆ పాత పట్టికలో లేదు. ఇంగ్లిషు మెసేజ్‌లో ‘రూ’కు సమానమైన రెండక్షరాలు రాస్తే హద్దు 160. అదే చోట ₹ పెడితే 70. ఎమోజీ అయితే రెండు చోట్లు తింటుంది.

70 దాటితే మెసేజ్‌ను ముక్కలు చేస్తారు. అతికించుకోవడానికి ప్రతి ముక్కకూ ఆరు బైట్ల తలకట్టు పెడతారు కాబట్టి ముక్కకు మిగిలేది తెలుగులో 67, ఇంగ్లిషులో 153. అమ్మేవాళ్లు ముక్కను క్రెడిట్ అంటారు. బిల్లు క్రెడిట్‌కే.

పైగా యంత్రం లెక్కపెట్టేది మనం చదివే అక్షరాలను కాదు. హల్లుకొకటి, పొల్లుకొకటి, గుణింతపు గుర్తుకొకటి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. దానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘ ఈకారం, మొత్తం ఆరు. హాస్టలుకు చేరిన పిల్ల ‘అమ్మా, చేరాను’ అని పంపితే కంటికి అక్షరాలు అయిదు, కామా, ఖాళీతో ఏడు. యంత్రానికి 13. కీబోర్డులు పొల్లు పక్కన విడగొట్టడానికి వేసే కనపడని గుర్తు కూడా ఒక చోటు తింటుంది.

మాస్టారు మొదట రాసిన మూస ఇది:

‘మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు. కారణం తెలపగలరు. ప్రధానోపాధ్యాయులు, జి.ప. ఉన్నత పాఠశాల’

కాగితం మీద వేలు పెట్టి ఇద్దరం లెక్కపెట్టాం. కబురు వరకు 47. ‘ప్రధానోపాధ్యాయులు’ ఒక్కటే 17, కంటికి ఏడక్షరాలే అయినా. మొత్తం 85. కామా, దాని పక్క ఖాళీతో సరిగ్గా 67 నిండి మొదటి ముక్క అయిపోయింది. రెండో ముక్కలో బడి పేరు ఒక్కటే వెళ్తుంది. దాని కోసం ఏడాదికి 880 రూపాయల బిల్లు 1,760 అవుతుంది. ఇదే వాక్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే వంద దగ్గర ఆగి, ఒక్క ముక్కలోనే ఇమిడిపోతుంది. ఊళ్లలో బడుల నుంచీ ఆస్పత్రుల నుంచీ వచ్చే కబుర్లు తెలుగు మాటలే అయినా ఇంగ్లిషు లిపిలో వస్తున్నాయంటే దాని వెనక ఇంత నిక్కచ్చి లెక్క ఉంది. తెలుగు చదవగలిగి ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కోలేని తల్లికి ఆ పొదుపు వల్ల కబురే అందడం లేదు. దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను.

దీనికి మందు ఎప్పుడో తయారైంది కూడా. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోట్లు సరిగ్గా 128. అంటే 7 బిట్లకు సరిపోయేవే. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తన రిలీజ్ 9లో తెలుగు సహా పది భారతీయ భాషలకు 7 బిట్ల పట్టికలు చేర్చింది. తెలుగు పట్టిక ఎక్కించుకున్న మెసేజ్‌లో 155 వరకు పడతాయి. కానీ పంపే చోటా, అందుకునే ఫోన్‌లోనూ ఆ పట్టిక ఉండాలి. ఏ ఒక్కచోట లేకపోయినా అక్షరాలు చెదిరిపోతాయి. అందుకే బల్క్ మెసేజ్‌లు అమ్మేవాళ్లు తెలుగనగానే 70 లెక్కే కడతారు. అన్ని ఫోన్లలో 22 భాషల అక్షరాలు కనిపించి తీరాలని చెప్పే ఐఎస్ 16333 ప్రమాణం 2018లో అమల్లోకి వచ్చింది. అలాంటి పట్టుదలే ఈ పట్టిక విషయంలోనూ చూపిస్తే తెలుగు కబురు ఖర్చు ఒక్కసారిగా సగమవుతుంది.

ఆ శనివారం డాంగిల్‌తో తెలుగు మెసేజ్ కూడా పంపి చూశాం. దానికి ఒక్కో గుర్తునూ నాలుగేసి అంకెల సంకేతంగా కొట్టాలి. ‘అ’ అంటే సున్నా, సీ, సున్నా, అయిదు. అటెండరు గారి బటన్ల ఫోన్‌లో తెలుగు ముత్యాల్లా కనిపించింది. మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఫోను ఇంకా పాతది. అందులో వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఆమె ఫోను మా వైపు తిప్పి, “ఇందులో ఏం రాశారు సార్?” అని అడిగింది. చదివి వినిపించాం.

తర్వాత మాస్టారు ఎర్ర పెన్ను తీసి సంతకం కుదించారు. ‘ప్రధానోపాధ్యాయులు’ పోయి ‘హెచ్ఎం’ వచ్చింది. ‘ఉన్నత’ పోయింది. మిగిలింది ఇది:

‘మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు. కారణం తెలపగలరు. హెచ్ఎం, జి.ప.పాఠశాల’

లెక్కపెడితే 67. ఒక్క ముక్కలో పడి, ఇంకా మూడు చోట్లు మిగిలాయి. మాస్టారు పెన్ను మూత పెట్టబోయి ఆగారు. ఇద్దరు కొడుకులు ఒకే బడిలో చదివే ఇళ్లున్నాయి కదా, ‘మీ అబ్బాయి’ అంటే ఎవరని అనుకోవాలి? పేరు పెట్టక తప్పదన్నారు. హాజరు పట్టీ తెచ్చి మొదటి పేజీ తెరిచారు. ‘అబ్బాయి’ ఏడు చోట్లు. ఆ స్థానంలో ‘రవి’ పెడితే మూడు, మొత్తం 63. కింద వరసలో ఉన్న పేరు వెంకటేశ్వర్లు. పదమూడు. మొత్తం 73. రవి రాకపోతే 20 పైసలు, వెంకటేశ్వర్లు రాకపోతే 40.

“వాడే రా ఎక్కువ మానేసేది” అన్నారు మాస్టారు. పెన్ను మళ్లీ తెరిచి, ‘కారణం తెలపగలరు’ కింద గీత గీశారు.